‘మా’ దగ్గర ఆగిపోకండి... ‘మన’ దాకా రండి!

గురజాలలో ఒక ఇల్లు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. అత్తగారు రోట్లో గోంగూర పచ్చడి నూరుతున్నారు. కాపురానికొచ్చి మూడు నెలలైన కోడలు పక్కనే కూర్చుని ఉల్లిపాయ పొట్టు తీస్తోంది. ఆ మాటా ఈ మాటా చెబుతూ మామూలుగానే అంది:

"మా ఇంట్లో అయితే ఉల్లిపాయ వేసి నూరం అత్తయ్యా, పక్కన పెట్టుకుని నంజుకుంటాం."

పచ్చడి బండ ఆగిపోయింది.

"మరి ఇది ఎవరిల్లమ్మా?"

అంతే! ఆ పూట ఇద్దరికీ అన్నం సహించలేదు. వారం రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాటల చప్పుడు లేదు.

ఆ అమ్మాయి తర్వాత నరసరావుపేటలో నా కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసుకు వచ్చింది. "సార్, నేను పచ్చడి గురించి మాట్లాడాను. ఆవిడ ఇంటి గురించి విన్నారు. తప్పెవరిది?" అని అడిగింది.

తప్పు ఎవరిదీ కాదు. ఇద్దరి మధ్యా నలిగింది ఒకే ఒక్క అక్షరం. ‘మా’.

ఈరోజు ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకుందాం. అది మీ ఇంటిని, మీ ఆఫీసును, మీ స్నేహాలను మార్చగలదు. నమ్మండి. నేను మార్పు చూశాను కాబట్టే చెబుతున్నాను.

ఒక్క అక్షరం... ఊరూరా ఒక అర్థం

‘మా’ అనే శబ్దాన్ని నోట్లో పెట్టుకుని ప్రపంచం చుట్టి రండి. కొన్నిచోట్ల కాస్త కురచగా, కొన్నిచోట్ల కాస్త సాగదీసి పలుకుతారు. వినడానికి దాదాపు ఒకటే. అర్థాలు చూడండి:

• తెలుగులో: మాకు చెందినది. మా ఊరు, మా పొలం.
• హిందీ, ఉర్దూల్లో: అమ్మ. చివర కాస్త ముక్కుతో పలుకుతారు.
• సంస్కృతంలో: వద్దు. లక్ష్మీదేవికి కూడా ‘మా’ అని పేరు. ఆ ‘మా’కు ధవుడు, అంటే భర్త కాబట్టే విష్ణువు మాధవుడయ్యాడు.
• తమిళంలో: మామిడి. పిండి కూడా.
• ఫ్రెంచ్‌లో: నా. స్త్రీలింగ పదాల ముందు వాడతారు.
• ఇటాలియన్‌లో: కానీ.
• హీబ్రూలో: ఏమిటి? అరబిక్‌లోనూ ‘ఏమిటి’ అనే అర్థం ఉంది, ‘కాదు’ అనే అర్థమూ ఉంది.
• హంగేరియన్‌లో: ఈరోజు.
• ఫిన్నిష్‌లో: నేల, దేశం.
• ఎస్టోనియన్‌లో: నేను.
• జపనీస్‌లో: రెండింటి మధ్య ఖాళీ. మౌనం.
• చైనీస్‌లో: అమ్మ, జనుము, గుర్రం, తిట్టడం. ఏ స్వరంలో పలికితే ఆ అర్థం.
• వియత్నామీస్‌లో: దెయ్యం. స్వరం మారిస్తే అమ్మ. ఇంకోలా మారిస్తే వరి నారు!

ఇంకో చిన్న ముచ్చట. చంటిపిల్లలు పెదాలు కలిపితే తేలిగ్గా వచ్చే శబ్దం ‘మ’. అందుకే చాలా భాషల్లో అమ్మ పేరులో ‘మ’ ఉంటుంది. కానీ జార్జియా దేశంలో ‘మామ’ అంటే నాన్న. మనకేమో మామ మామే!

ఇప్పుడు ఆలోచించండి. శబ్దం ఒకటే అయినప్పుడు ఇన్ని అర్థాలు ఎక్కడి నుంచి వచ్చాయి? వినేవాళ్ల నుంచి. మాట మీ నోట్లోంచి బయల్దేరుతుంది. అర్థం మాత్రం ఎదుటివారి చెవిలో తయారవుతుంది.

ఇది ఒక్కసారి ఒంటబడితే చాలు. సగం గొడవలు గుమ్మం దాటి లోపలికి రావు.

గొడుగూ అదే, గోడా అదే

మన తెలుగుకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఇంగ్లీషులో ‘అవర్’ ఒక్కటే. హిందీలో ‘హమారా’ ఒక్కటే. పక్కనున్న కన్నడంలో ఇప్పుడు అన్నింటికీ ‘నమ్మ’ ఒక్కటే. మనకు మాత్రం రెండున్నాయి. ‘మా’, ‘మన’.

‘మా ఊరు’ అంటే వింటున్న మీది కాదు. ‘మన ఊరు’ అంటే మీది కూడా. ఒక్క అక్షరం తేడాతో ఎదుటి మనిషిని లోపలికి పిలుస్తాం, లేదా గడప బయట నిలబెడతాం.

అలాగని ‘మా’ చెడ్డ మాట అనుకోకండి. ఇంటికి ఒక్కడే కొడుకైనా ‘నా అమ్మ’ అనడు, ‘మా అమ్మ’ అంటాడు. ‘మా ఆయన’, ‘మా ఆవిడ’, ‘మా పిల్లలు’. ఎంత ప్రేమ ఉంది అందులో! లోపలున్న వాళ్లకు ‘మా’ గొడుగు. బయటున్న వాళ్లకు అదే గోడ. మీరు గొడుగు పడుతున్నారా, గోడ కడుతున్నారా అన్నది చూసుకోవాలి. చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

మన కోడలు చూసుకోలేదు. నిజానికి అత్తగారూ చూసుకోలేదు. పెళ్లైన కొత్తలో ఆవిడే రోజుకు పదిసార్లు "మా అబ్బాయికి కారం పడదు", "మా ఇంటి పద్ధతి ఇది" అనేవారట. గోడ రెండువైపుల నుంచీ లేచింది.

కారంపూడి చెప్పే పాఠం

పల్నాడులో పుట్టినవాళ్లకు ఈ పాఠం కొత్త కాదు. 12వ శతాబ్దంలో ఒకే రాజ్యం రెండు ముక్కలైంది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఒకే తండ్రి బిడ్డలు. నిన్నటిదాకా మన రాజ్యం అన్న నోళ్లే ‘మా గురజాల’, ‘మా మాచర్ల’ అనడం మొదలుపెట్టాయి. ఒకవైపు మంత్రి నాగమ్మ, ఇంకోవైపు మంత్రి బ్రహ్మనాయుడు. కోడిపందెం వచ్చింది. ఓడిన మాచర్లవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి వెళ్లారు. తిరిగొచ్చి తమ భాగం అడిగితే ఇవ్వలేదు. చివరికి కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున నెత్తురు పారింది.

అదే కథలో ఇంకో పేజీ ఉంది. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడు. కులం అడగకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. అణగారిన కులంలో పుట్టిన కన్నమదాసును కన్నకొడుకులా చూసుకున్నాడు. ‘మన’ అనే మాటను ఆయన నోటితో అని ఊరుకోలేదు, విస్తట్లో వడ్డించాడు.

ఇప్పటికీ కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు కారంపూడిలో వీరుల తిరునాళ్లు జరుగుతాయి. రోజుకో పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఇప్పటికీ చాపకూడు వండుతారు. యుద్ధాన్నీ తలుచుకుంటారు, కలిసి తిన్న అన్నాన్నీ తలుచుకుంటారు.

మీరు ఏది మోసుకెళ్తారు? ఎంపిక మీదే.

నాగార్జునకొండ ఇంకా ముందే చెప్పింది

మాచర్ల దాటి విజయపురి సౌత్‌కు వెళ్లి లాంచీ ఎక్కండి. సాగర్ నీళ్ల మధ్య నాగార్జునకొండ వస్తుంది. 3వ శతాబ్దంలో అక్కడ ఇక్ష్వాకులు ఏలారు. బోధిసిరి అనే ఒక ఉపాసిక, అంటే బౌద్ధ గృహిణి, అక్కడ ప్రాకృతంలో ఒక శాసనం వేయించింది. తంబపణ్ణి నుంచి, అంటే సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యం కట్టించానని అందులో చెప్పింది. వాళ్లు ధర్మం చెప్పిన దేశాల పేర్లూ చెక్కించింది. కశ్మీరం, గాంధారం, చీన, వంగ, వనవాసి... ఇంకా కొన్ని.

ఎన్ని దేశాలు! ఎన్ని భాషలు! ఆ పేర్లన్నీ మన పల్నాడు రాతి మీద!

ఇప్పుడు ‘స్పోకెన్ ఇంగ్లీష్ రాదు సార్, హిందీ రాదు సార్, మాది పల్లెటూరు సార్’ అని తలదించుకునే కుర్రాళ్లకు నేను ఈ శాసనమే చూపిస్తాను. దాదాపు 1,700 ఏళ్ల కిందటే ఈ నేల పరాయి భాషల వాళ్లకు చోటిచ్చింది. మీరు భయపడటం ఏమిటి?

ఇంకా దగ్గరగా చూడండి. నరసరావుపేట సెంటర్లో పది నిమిషాలు నిలబడండి. ఒక పిల్లాడు ఉర్దూలో ‘మా’ అని పిలుస్తాడు. తండా నుంచి వచ్చిన లంబాడీ పిల్ల అమ్మను ‘యాడీ’ అంటుంది. మనవాడు ‘అమ్మా’ అంటాడు. ముగ్గురు తల్లులూ ఒకేలా వెనక్కి తిరుగుతారు. మాట వేరైనా మనసు అందింది. కావాల్సింది అదే.

ఆరు భాషల ‘మా’... ఆరు అలవాట్లు

ఇక పనిలోకి దిగుదాం. ఒక్కో భాషలోని ‘మా’ మీకు ఒక్కో అలవాటు నేర్పుతుంది. పెన్ను తీసుకోండి.

1. చైనా ‘మా’: గొంతు సరిచూసుకోండి

చైనీస్‌లో గొంతు పైన నిలిపి ‘మా’ అంటే అమ్మ. పైనుంచి కిందికి గట్టిగా దించితే తిట్టు. అక్షరం అదే, గొంతే తేడా.

మనకూ అంతే. "ఏంది?" అనే మాటను నాలుగు రకాలుగా అనండి. ప్రేమగా, ఆశ్చర్యంగా, అనుమానంగా, కోపంగా. నాలుగూ వేరు వేరు మాటల్లా వినిపిస్తాయి.

పల్నాడు గొంతు పెద్దది. ఈ గట్టు మీద అరిస్తే ఆ గట్టు మీద వినపడాలి కదా! పొలంలో అది బలం. హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో అదే గొంతును కోపం అనుకుంటారు. యాస మార్చుకోవద్దు, అది మీ ఆస్తి. వాల్యూమ్ మాత్రం చోటును బట్టి మార్చండి.

ప్రాక్టీస్: రోజూ ఒక ఫోన్ కాల్‌లో మీ వైపు మాటలు రికార్డ్ చేసుకుని వినండి. మూడు రోజుల్లో మీ గొంతు మీకు అర్థమవుతుంది.

2. జపాన్ ‘మా’: రెండు సెకన్లు ఆగండి

సంగీతంలో స్వరానికీ స్వరానికీ మధ్య ఉండే ఖాళీని, గదిలో వదిలిన చోటును, మాటల మధ్య మౌనాన్ని జపాన్‌వాళ్లు ‘మా’ అంటారు. అది లోటు అనుకోరు, అందం అనుకుంటారు.

మనం ఖాళీ ఉంచం. ఎదుటివారి వాక్యం పూర్తికాకముందే మన జవాబు సిద్ధం. వినడం మానేసి, మన వంతు కోసం కాచుకుని ఉంటాం.

ప్రాక్టీస్: ఎదుటివారు మాట ఆపాక మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టండి. తర్వాతే నోరు తెరవండి. కోపంగా ఉన్నప్పుడు ఐదు దాకా లెక్కపెట్టండి. వాట్సాప్‌లో అయితే టైప్ చేసి, ఫోన్ పక్కన పెట్టి, మంచినీళ్లు తాగి వచ్చి పంపండి.

3. హీబ్రూ ‘మా’: ఏమిటి అని అడగండి

అత్తగారు "ఇది ఎవరిల్లు?" అని కాకుండా "మీ ఇంట్లో ఎట్టా చేస్తారమ్మా?" అని అడిగి ఉంటే? ఆరోజు ఇంట్లో ఇంకో రకం పచ్చడి పుట్టేది. గొడవ పుట్టేది కాదు.

మనసుకు గుచ్చుకున్న ప్రతిసారీ ఒక ప్రశ్న వేయండి. ఊహించుకుని ఉడికిపోకండి.

ప్రాక్టీస్: ఈ వాక్యం కంఠతా పట్టండి. "మీరన్నది నాకు ఇలా అర్థమైంది, సరేనా?" ఇంట్లో, బ్యాంకులో, ఇంటర్వ్యూలో ఎక్కడైనా పనిచేస్తుంది. పదిలో నాలుగుసార్లు "అయ్యో, నా ఉద్దేశం అది కాదు" అనే జవాబు వచ్చిందనుకోండి. నాలుగు గొడవలు తప్పినట్లే!

4. ఇటలీ ‘మా’: ‘కానీ’ తగ్గించండి

"నువ్వు బాగా చదివావు, కానీ..." అనగానే పిల్లాడి చెవిలో ముందు భాగం చెరిగిపోతుంది. మిగిలేది ‘కానీ’ తర్వాతదే.

"లెక్కల్లో బాగా పుంజుకున్నావు. సైన్స్‌కు కూడా రోజూ అరగంట ఇస్తే తిరుగుండదు." విషయం అదే. దెబ్బ లేదు, దారి ఉంది.

ప్రాక్టీస్: ఒక రోజంతా ‘కానీ’ వాడకుండా మాట్లాడండి. దాని చోట ‘అలాగే’, ‘ఇంకా’, ‘కూడా’ పెట్టండి. మొదటి గంట కష్టం. సాయంత్రానికి సరదా.

5. సంస్కృతం ‘మా’: వద్దు అన్నాక దారి చూపండి

వాల్మీకి నోట వెలువడిన మొదటి శ్లోకం మొదలైంది ఈ ‘మా’తోనే. క్రౌంచ పక్షిని కొట్టిన వేటగాడి మీద కోపంతో, ఆ పక్షి మీద జాలితో వచ్చిన మాట అది. కోపం అక్కడే ఆగిపోలేదు. రామాయణమంత కావ్యమైంది. ఎంత గొప్ప మలుపు!

మనం పిల్లలకు రోజంతా చెప్పేది వద్దులే. పరిగెత్తొద్దు, ఫోన్ చూడొద్దు, అరవొద్దు. మరి ఏం చేయాలి? అది చెప్పం.

ప్రాక్టీస్: ప్రతి ‘వద్దు’ వెనక ఒక ‘చెయ్యి’ జోడించండి. "ఫోన్ పక్కన పెట్టు, రా, మొక్కలకు నీళ్లు పోద్దాం." మీ మనసుతో మాట్లాడేటప్పుడు కూడా అంతే. "బద్ధకించొద్దు" అనుకోకండి. "ఆరింటికి లేస్తాను" అనుకోండి.

6. హంగరీ ‘మా’: ఈరోజే మొదలుపెట్టండి

హంగరీవాళ్ల ‘మా’ అంటే ఈరోజు. రేపు కాదు, సోమవారం కాదు, ఉగాది నుంచి కాదు.

మాటలు ఆగిపోయిన మనిషి ఎవరైనా ఉన్నారా? అన్నదమ్ముడో, పాత స్నేహితుడో, గట్టు తగాదాతో దూరమైన పక్క పొలం ఆసామో? ఈరోజే ఒక ఫోన్ చేయండి. పెద్ద స్పీచ్ అక్కర్లేదు. "ఎట్టా ఉన్నావు? గుర్తొచ్చావు" అంటే చాలు.

గెలుపు ‘మన’... పొరపాటు ‘నా’

చివరిగా ఒక రూల్. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను.

చాలా ఏళ్ల కిందట ఒక సంస్థలో నేను టీమ్ లీడర్‌ని. ఒక పని ఆలస్యమైంది. ఆలస్యం నా వల్ల. మీటింగ్‌లో మాత్రం "మన ప్లానింగ్‌లో పొరపాటు జరిగింది" అన్నాను. నెల తర్వాత ఇంకో పని బాగా పూర్తయింది. "నా ప్లానింగ్ ఫలించింది" అన్నాను. రెండుసార్లూ ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత మా టీమ్‌లో నాతో కలిసి టీ తాగడానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు.

నాకు బోధపడటానికి చాలా రోజులు పట్టింది. మీకు అన్ని రోజులు పట్టనక్కర్లేదు. రాసుకోండి:

• పేరు వచ్చినప్పుడు: మన.
• పని పంచుకునేటప్పుడు: మన.
• పొరపాటు జరిగినప్పుడు: నా.
• గర్వంగా పరిచయం చేసేటప్పుడు: మా. "వీళ్లు మా టీమ్."

ఉద్యోగంలో చేరి ఏడాదైనా ‘మీ కంపెనీ’ అనే కుర్రాడికీ, నెల రోజులకే ‘మన కంపెనీ’ అనే కుర్రాడికీ తేడా మేనేజర్ చెవికి ఇట్టే తెలుస్తుంది. ఊరికే అంటే సరిపోదు సుమా! ‘మన’ అన్నాక ఆ బరువు కూడా మొయ్యాలి. బ్రహ్మనాయుడి చాప గుర్తుంచుకోండి.

మీ వారం ప్లాన్

• సోమవారం: గొంతు.
• మంగళవారం: రెండు సెకన్ల మౌనం.
• బుధవారం: ఒక ప్రశ్న.
• గురువారం: ‘కానీ’కి సెలవు.
• శుక్రవారం: ‘వద్దు’ పక్కన ‘చెయ్యి’.
• శనివారం: వాయిదా పడ్డ ఫోన్ కాల్.
• ఆదివారం: ఆ రోజు ఎన్నిసార్లు ‘మా’ అన్నారో, ఎన్నిసార్లు ‘మన’ అన్నారో లెక్క రాయండి.

హంగరీ ‘మా’ గుర్తుందిగా? ఈరోజు ఏ వారమైతే ఆ వారం అలవాటుతోనే మొదలుపెట్టండి. నాలుగు వారాలు చేయండి. పెద్ద పుస్తకాలు చదవక్కర్లేదు. ఒక అక్షరం మీద కన్నేసి ఉంచితే చాలు.

ఇంతకీ ఆ గురజాల అమ్మాయి ఏం చేసింది? క్లాసులో విన్నదాన్ని ఇంటికి తీసుకెళ్లింది. ఒక ఆదివారం రోటి దగ్గర కూర్చుని అడిగింది:

"అత్తయ్యా, మన పచ్చడి మా అమ్మకు కాస్త పంపిద్దామా?"

చూశారా? ‘మన’ ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. ‘మా’ ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది.

అత్తగారు రెండు సెకన్లు ఏమీ మాట్లాడలేదు. తర్వాత రోట్లో వేయబోతున్న ఉల్లిపాయను పక్కన పెట్టారు.

"మీ అమ్మకు ఉల్లిపాయ వెయ్యకుండా తీస్తాలే. నంజుకోవడం ఇష్టమన్నావుగా!"